పీసీ టు పీసీ కేబుల్ కోసం నేను మూడుసార్లు డబ్బులు పెట్టాను, మీరు ఒక్కసారి పెట్టండి చాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం మా పని. హనుమకొండలో చిన్న స్టూడియో. నేను, మా బామ్మర్ది, ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. ఈ మధ్య పాత డెస్క్‌టాప్‌కి తోడుగా ఒక ల్యాప్‌టాప్ తీసుకున్నాం, తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. పాతదాంట్లో ఉన్న ఫుటేజ్ మొత్తం కొత్తదాంట్లోకి రావాలి. మొత్తం అంటే ఎంతో చెప్తాను. ఒక్కో పెళ్లికి నాలుగు కెమెరాలు పెడతాం, 4కెలో 100 మెగాబిట్ల రేటున తీస్తే ఒక్కో కెమెరా గంటకి 45 జీబీ తింటుంది, మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా కలుపుకుంటే ఒక్క పెళ్లే 850 జీబీ దాటిన రోజులున్నాయి. ఇది పెన్‌డ్రైవ్‌తో అయ్యే పని కాదు.

బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ దాంతో అదే సరుకుని రెండుసార్లు మోయాలి, పాత సిస్టమ్ నుంచి డిస్క్‌లోకి ఒకసారి, డిస్క్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఇంకోసారి. పైగా మా పాత డెస్క్‌టాప్ ముందువైపున్న యూఎస్‌బీ పోర్టు వదులైపోయింది, వైరు కొంచెం కదిలితే డిస్క్ మాయం. వైఫైలో పంపిస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను. రెండు మిషన్లూ ఒకే రూటర్ మీద, ఒకే చానల్ మీద ఉంటే, ప్రతి ముక్కా ముందు రూటర్ దగ్గరికి వెళ్లి మళ్లీ అదే గాల్లో వెనక్కి రావాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది, ఎవరైనా ఫోన్లో వీడియో చూస్తే ఇంకా పడిపోతుంది. అందుకే మధ్యలో రూటర్ గొడవ లేకుండా రెంటినీ ఒకే వైరుతో కలిపేద్దాం అనుకున్నాం.

చివరికి తేలింది ఇదీ, మిగతాది చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. రెండు కంప్యూటర్లు కలపడానికి ఇప్పుడు "స్పెషల్" కేబుల్ అంటూ ఏదీ అక్కర్లేదు. రూటర్‌కి పెట్టుకునే మామూలు క్యాట్ 6 ప్యాచ్ కార్డ్ చాలు, అంటే రెండు చివరలా కనెక్టర్లతో రెడీగా వచ్చే నెట్‌వర్క్ వైరు, క్యాట్ అనేది దాని రకం. క్యాట్ 5ఈ రకమైనా చాలు. లోపల ఎనిమిది తీగలూ ఉండాలి, అవి రాగివి అయ్యుండాలి, అంతే. నేను ఈ ముక్క తెలియక రెండుసార్లు బోల్తా పడ్డాను.

మొదటిది ఊళ్లోనే కొన్నాను. షాపు పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత ఆయన మర్యాదగానే మాట్లాడాడు, అది చివర్లో చెప్తాను. వెళ్లి రెండు సిస్టమ్‌లు కలపాలి అన్నాను. "అన్నా, దానికి క్రాస్ కేబులే కావాలె, మామూలుది నడవది" అన్నాడు. అక్కడే కూర్చోబెట్టి, చుట్ట నుంచి వైరు కోసి, రెండు వైపులా కనెక్టర్లు కొట్టి, ఐదు మీటర్లకి 350 తీసుకున్నాడు. క్రాస్ అనే మాట వినగానే నాకూ పాత రోజులు గుర్తొచ్చి మారు మాట్లాడలేదు. పాలిటెక్నిక్ హాస్టల్లో పక్క గదివాడి కంప్యూటర్‌తో మాది కలిపి రాత్రంతా గేమ్ ఆడటానికి మేం వాడింది క్రాస్ కేబులే. ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. ఈ వరస అప్పట్లో ఎక్కాల్లాగా నోటికొచ్చేది. క్రాస్ అంటే రెండో చివర ఆరెంజ్ జత, గ్రీన్ జత తారుమారు చేయడం, అంటే 1, 2 పిన్నులు వెళ్లి 3, 6 పిన్నుల్లో తగలడం. అప్పటి 10, 100 మెగాబిట్ నెట్‌వర్క్ కార్డులు ఒక జతలో మాట్లాడి ఇంకో జతలో వినేవి. ఇద్దరూ ఒకే జతలో మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు కదా, అందుకని వైర్లోనే నోటిని చెవికి కలపాల్సి వచ్చేది. రూటర్‌కో హబ్‌కో పెడితే ఆ తిరగేసే పని వాటి లోపలే అయిపోయేది కాబట్టి అక్కడికి తిన్నటి వైరు సరిపోయేది.

గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల వేగం, వచ్చాక ఈ కథ ముగిసింది. 1999లో వచ్చిన గిగాబిట్ ప్రమాణంలో నాలుగు జతల్లోనూ ఒకేసారి అటూ ఇటూ మాటలు నడుస్తాయి, ఎటువైపు ఏది కలిసిందో కార్డులే చూసుకుని సర్దుకుంటాయి. ఆటో ఎండీఐ-ఎక్స్ అంటారు దీన్ని. మీ దగ్గరున్న సిస్టమ్ గత పదిహేనేళ్లలో కొన్నదైతే దాదాపు ఖాయంగా ఆ సదుపాయం ఉన్నదే. అందుకని ఎవరైనా పీసీ టు పీసీకి విడిగా కేబుల్ ఉంది, దానికి రేటు ఎక్కువ అంటే నవ్వి ఊరుకోండి. నేను నవ్వలేదు, 350 ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చి పెట్టాను. లైటు వెలిగింది. ఫోల్డర్ కనిపించింది. కాపీ కొట్టాను. సెకనుకి 11 ఎంబీ. కాసేపటికి పెరుగుతుందేమో అని టీ తాగి వచ్చాను. 11.3. లెక్కేసి చూస్తే ఒక్క పెళ్లి మారడానికి దగ్గర దగ్గర 21 గంటలు! అదే సైకిల్ మీద హార్డ్ డిస్క్ పట్టుకుని ఊరంతా తిరిగొచ్చినా ముందే అయిపోతుంది. మా బామ్మర్ది ఏమో ల్యాప్‌టాప్‌దే తప్పు అంటాడు, కొత్తదాని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే అంటాడు, ఈఎంఐ కట్టేది నేను కాబట్టి ఆయనకి ధైర్యం.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటి. వేగం తక్కువగా వస్తే ఎవర్నీ తిట్టకముందు విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ ఎంతో చూడండి. 1000/1000 అని ఉండాలి. నాకు 100/100 అని ఉంది. బిట్లని 8తో భాగిస్తే బైట్లు, అంటే 100 మెగాబిట్లు అంటే గరిష్ఠంగా సెకనుకి 12.5 ఎంబీ, పైఖర్చులు పోను 11 చిల్లర. అంకె అతికినట్టు సరిపోయింది. గిగాబిట్ పోర్టుల మధ్య లింకు 100కి పడిపోయిందంటే ఎక్కువసార్లు కారణం ఒక్కటే, నాలుగు జతల్లో ఏదో తగలడం లేదు. కనెక్టర్ పారదర్శకంగా ఉంటుంది కదా, వెలుతురులో పెట్టి చూశాను. ఎనిమిది రంగులు కనపడాలి. నాలుగే ఉన్నాయి. సరే మిగతా నాలుగూ తొడుగు లోపలే ఆగిపోయాయేమో అని బ్లేడుతో చీల్చి చూస్తే, అసలు వైరులోనే రెండు జతలున్నాయి! ఇది కేబుల్ టీవీ వాళ్లు ఇంటర్నెట్ ఇవ్వడానికి, సీసీ కెమెరాలకి వాడే రెండు జతల సన్న వైరు. 100 మెగాబిట్లకి అది చాలు, అందుకే లైటు వెలిగింది. గిగాబిట్‌కి జన్మలో పనికిరాదు.

చేతిలో బ్లేడు ఉంది కదా అని ఒక తీగని కూడా గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా. అల్యూమినియం మీద రాగి పూత, షాపుల్లో సీసీఏ అంటారు. ఇది తేలిక, చౌక, రెండుసార్లు వంచితే విరుగుతుంది, నిరోధం కూడా రాగి కంటే ఎక్కువ. క్యాట్ 5ఈ, క్యాట్ 6 ప్రమాణాలు రాగినే అడుగుతాయి, కాబట్టి సీసీఏ వైరు మీద ఆ పేరు అచ్చేయడమే తప్పు. మూడు మీటర్లలో పెద్దగా తేడా తెలియకపోవచ్చు గానీ ఇదే వైరుతో కెమెరాలకి కరెంటు కూడా పంపించేవాళ్లు జాగ్రత్త, వేడెక్కుతుంది. ఐదుకి ఒక్క స్టార్. ఆ ఒక్కటి కూడా కనెక్టర్లు గట్టిగా కొట్టినందుకు.

రెండోది ఆన్‌లైన్‌లో కొన్నాను, కోపంలో కొన్నాను. కోపంలో కొనేటప్పుడు మనిషి పెద్ద అంకె చూస్తాడు. క్యాట్ 8 అని ఉంది, 40 గిగాబిట్లు అని ఉంది, నల్లగా, పలచగా రిబ్బన్ లాగా, రెండు చివరలా బంగారు రంగు. 600 పైచిలుకు పెట్టాను. క్యాట్ 8 అనేది నిజంగానే ఉంది, 40 గిగాబిట్లూ నిజమే, కానీ అది డేటా సెంటర్ల కోసం, 30 మీటర్ల లోపు దూరాలకి, ప్రతి జతకీ రేకు చుట్టి మందంగా, మొండిగా ఉండే కేబుల్. చాప కింద పట్టేసే రిబ్బన్ మీద ఆ పేరు చూస్తే అనుమానం రావాలి. సరే అది నిజమైనదే అనుకుందాం, మన ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్‌లో ఉన్నవి 1 గిగాబిట్ పోర్టులు. సందులోకి నాలుగు లైన్ల హైవే తెచ్చి కలిపినా సందులో ఒక్క బండే పడుతుంది. క్యాట్ 7 అని అమ్మేవాటిదీ ఇదే వరస, అసలు క్యాట్ 7కి అనుకున్న కనెక్టరే వేరు, మనం వాడే ఆర్‌జే45 కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ రిబ్బన్ పనిచేసింది. 1000/1000 చూపించింది, కాపీ సెకనుకి 110 ఎంబీ దాటింది, నేను అదే గొప్ప అని సంబరపడ్డాను. మూడో రోజు కనెక్టర్ మీదుండే ప్లాస్టిక్ నాలుక, అదే పోర్టులో టిక్కుమని పట్టుకునేది, అది విరిగింది. ఎవరూ లాగలేదు, టేబుల్ కొంచెం జరిపామంతే. నాలుక లేని కేబుల్ పోర్టులో ఊగుతూ ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఒక రిసెప్షన్ ఫుటేజ్ కాపీ పెట్టి పడుకుంటే, పొద్దున చూసేసరికి ఎక్కడో మధ్యలో లింకు తెగి, నెట్‌వర్క్ ఎర్రర్, మళ్లీ ప్రయత్నించమంటారా అని అడుగుతూ స్క్రీన్ మీద పెట్టె. ఏ ఫైలు దాకా వచ్చిందో తెలియదు. అవతల పెళ్లికూతురి అన్న ఫోన్ మీద ఫోన్, టీజర్ ఇవాళే కావాలని. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. రెండు స్టార్లు.

మూడోసారి బుద్ధిగా, వేరే పని మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే చాలామందికి తెలియదు, సీటీసీ అంటే ఆటోవాళ్లకి కూడా తెలుసు. అక్కడ కౌంటర్ మీద కుర్రాడిని క్యాట్ 6, పూర్తి రాగి, కంపెనీ సీల్ ఉన్నది, మూడు మీటర్లు అని అడిగితే మారు మాట లేకుండా డి-లింక్ ప్యాచ్ కార్డ్ తీసిచ్చాడు. నాకు 280 పడింది. రెండు సిస్టమ్‌లు కలపడానికి అని చెప్పి, కావాలనే, క్రాస్ అక్కర్లేదా అని అడిగాను. "ఇంకా క్రాస్ ఏంది సార్" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. బరువుంది. గుండ్రంగా ఉంది, నాలుక చుట్టూ రబ్బరు తొడుగు ఉంది కాబట్టి వైర్ల గుంపులోంచి లాగినా అది తగులుకుని విరగదు. ఆర్నెల్లుగా వారానికి రెండు మూడుసార్లు పీకి పెడుతున్నాం, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా లింకు తెగలేదు. కాపీ వేగం పెద్ద ఫైళ్లకి 112 దగ్గర నిలబడుతుంది. ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, డిస్క్‌తో సంబంధం లేకుండా కేవలం వైరు వేగం కొలుస్తుంది, దాంట్లో 940 మెగాబిట్ల పైన వచ్చింది, గిగాబిట్ లైన్లో పిండుకోగలిగింది అంతే. 21 గంటల పెళ్లి రెండు గంటల చిల్లరలో అయిపోతోంది. నాలుగున్నర స్టార్లు. ఆ అర ఎందుకు కోశానంటే మూడు మీటర్లు నాకే తక్కువైంది, ఐదు తీసుకోవాల్సింది. తప్పు నాదే అయినా స్టార్లు ఇచ్చేది నేనే కదా.

ల్యాప్‌టాప్ సంగతి చెప్పడం మరిచాను. ఇప్పటి పలచటి ల్యాప్‌టాప్‌లకి ల్యాన్ పోర్టు, అంటే ఈ వైరు పెట్టే చోటు, ఉండటం లేదు, మాదానికీ లేదు. యూఎస్‌బీకి పెట్టుకునే అడాప్టర్ విడిగా కొనాలి. నేను తీసుకుంది టీపీ-లింక్ యూఈ300. పెట్టగానే విండోస్ దానంతట అదే గుర్తుపట్టింది, సీడీ లేదు, డ్రైవర్ వెతుకులాట లేదు, వైరు మడిచి లోపలికి పెట్టేసుకోవచ్చు. ఇలాంటివి కొనేటప్పుడు రెండు చూసుకోండి. మొదటిది, యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అని స్పష్టంగా రాసుండాలి. 300కీ 400కీ దొరికేవాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0, 100 మెగాబిట్లవి, వాటితో ఎంత మంచి కేబుల్ పెట్టినా మళ్లీ ఆ 11 ఎంబీయే. రెండోది, మీ ల్యాప్‌టాప్‌కి ఏ పోర్టుందో చూసుకుని టైప్-సి కావాలో మామూలుది కావాలో నిర్ణయించుకోండి. అడాప్టర్‌ని యూఎస్‌బీ 3.0 పోర్టులోనే పెట్టండి, చాలావాటికి లోపల నీలం రంగు ఉంటుంది, 2.0 దాంట్లో పెడితే అక్కడా వేగం కోసుకుపోతుంది.

వైరు పెట్టడంతో పని అయిపోతే ఇంత రాయాల్సిన అవసరం లేదు. కేబుల్ తప్పు కాని తలనొప్పి ఇంకోటి ఉంది, విండోస్. మధ్యలో రూటర్ లేదు కాబట్టి రెండు మిషన్లకీ ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో మిషన్‌ని గుర్తుపట్టే నంబరు, ఇచ్చే పెద్దమనిషి ఎవరూ లేరు. కాసేపు ఎదురుచూసి అవే 169.254తో మొదలయ్యే అడ్రసులు పెట్టుకుంటాయి, దాంతో కూడా పని నడుస్తుంది, కానీ అవి మారిపోవచ్చు, వెతుక్కోవడం చికాకు. మనమే ఇచ్చేస్తే పీడా పోతుంది. డెస్క్‌టాప్‌కి 192.168.50.1, ల్యాప్‌టాప్‌కి 192.168.50.2, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే, అంటే బయటికి వెళ్లే దారి, ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఇది ముఖ్యం, అందులో ఏదైనా నింపితే వైఫైలో ఉన్న ఇంటర్నెట్ దారి తప్పి ఈ వైరులో వెతుక్కునే ప్రమాదం ఉంది. ఖాళీగా ఉంచితే ఫుటేజ్ వైరులో, ఇంటర్నెట్ వైఫైలో, దేని దారి దానిది. మీ రూటర్ ఇచ్చే అడ్రసుల్లో మూడో అంకె కూడా 50 అయితే మాత్రం ఇక్కడ వేరేది పెట్టుకోండి, రెండూ ఒకటైతే కంప్యూటర్ తికమక పడుతుంది.

తర్వాత ఫైర్‌వాల్. ఈ కొత్త లైను ఎవరిదో విండోస్‌కి తెలియదు కాబట్టి పబ్లిక్ కింద వేసేస్తుంది, అంటే బస్టాండ్‌లో వైఫై లాగా చూస్తుంది, ఎవర్నీ లోపలికి రానివ్వదు. రెండు మిషన్లలోనూ ప్రైవేట్‌కి మార్చి, ఫైల్ షేరింగ్ ఆన్ చేయాలి. ఫైర్‌వాల్‌ని పూర్తిగా ఆపేయమని చెప్పే మహానుభావులు ఉంటారు, వినకండి, ఆపేసినవాళ్లు మళ్లీ పెట్టడం మర్చిపోతారు.

ఆ తర్వాత పాస్‌వర్డ్. నాకు ఒక పూట మొత్తం దీనికే పోయింది. డెస్క్‌టాప్‌లోకి వెళ్దామంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, మనం రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇస్తాం, తప్పు అంటుంది. మళ్లీ ఇస్తాం, మళ్లీ తప్పు అంటుంది. పిన్ అనేది ఆ మిషన్ ముందు కూర్చున్నవాడికే, నెట్‌వర్క్‌లోంచి వచ్చేవాడికి అసలు అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. నేనేం చేశానంటే డెస్క్‌టాప్‌లో విడిగా ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, దానికొక పాస్‌వర్డ్ పెట్టి, ఫుటేజ్ ఫోల్డర్‌ని ఆ యూజర్‌కి షేర్ చేశాను. ల్యాప్‌టాప్‌లో రన్ పెట్టె తెరిచి రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఆ 192.168.50.1 ఇచ్చి, కొత్త యూజర్ వివరాలు ఇస్తే తలుపు తెరుచుకుంది. గుర్తుపెట్టుకో అని టిక్ పెట్టాను, మళ్లీ అడగలేదు. పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసే పాత చిట్కాలు ఎవరైనా చెప్తే పట్టించుకోకండి, కొత్త విండోస్‌లు ఆ దారులన్నీ మూసుకుంటూ వస్తున్నాయి. హోమ్‌గ్రూప్ అని ఒకటుండేది, 2018లో విండోస్ 10 నుంచి దాన్ని తీసేశారు, దాని కోసం వెతికి టైం వేస్ట్ చేసుకోవద్దు.

కాపీకి మామూలు లాగి వదిలే పద్ధతి కంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ మేలు. నల్ల స్క్రీన్ చూసి భయపడకండి, ఒక్క లైనే. దాని సుఖం ఏంటంటే మధ్యలో కరెంటు పోయినా, వైరు ఊడినా, మళ్లీ అదే లైను కొడితే అయిపోయిన ఫైళ్లని వదిలేసి మిగిలినవే పట్టుకుంటుంది. ఆ రిబ్బన్ కేబుల్ రాత్రి ఇది తెలిసుంటే నా బీపీ అంత పెరిగేది కాదు. అంతా అయ్యాక ఇంకోసారి కొట్టి, కాపీ చేయాల్సింది ఏమీ లేదని అది చెప్పాకే పాతవి తీసేయడం గురించి ఆలోచించండి. ల్యాప్‌టాప్‌ని నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చడం మర్చిపోవద్దు, చార్జర్ పెట్టే ఉంచండి. ఇంకో సంగతి, 112 వేగం పెద్ద వీడియో ఫైళ్లకే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే వేలకొద్దీ చిన్న చిన్న క్యాష్ ఫైళ్లు పంపితే 10కో 20కో పడిపోతుంది, అది కేబుల్ తప్పు కాదు. వాటిని పంపనే వద్దు, అక్కడ మళ్లీ తయారవుతాయి.

కొందరు యూఎస్‌బీ టు యూఎస్‌బీ వైరుతో కలపొచ్చు కదా అని అడుగుతున్నారు. రెండు వైపులా మామూలు యూఎస్‌బీ పిన్నున్న వైరు ఇరవై రూపాయలకి కూడా దొరుకుతుంది, దాన్ని రెండు కంప్యూటర్ల మధ్య దూర్చకండి. రెండూ కరెంటు ఇచ్చేవే, ఒకదానికొకటి ఎదురు తోసుకుని పోర్టు పోయినా పోవచ్చు. మధ్యలో చిప్ ఉన్న డేటా లింక్ కేబుల్ వేరే ఉంటుంది, అది సురక్షితమే, కానీ దాని సొంత సాఫ్ట్‌వేర్, దాని సొంత గోల. మీ రెండు మిషన్లకీ థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టు ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులు, ఆ వైరుతోనే నెట్‌వర్క్ అయిపోతుంది, గిగాబిట్‌కి చాలా రెట్ల వేగం. కొత్త డెస్క్‌టాప్‌లలో 2.5 గిగాబిట్ పోర్టులు వస్తున్నాయి, వాటికీ ఇదే క్యాట్ 6, ఆ మాటకొస్తే క్యాట్ 5ఈ కూడా సరిపోతుంది. కానీ మా పాతదాంట్లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంది, అది ఇచ్చేదే సెకనుకి 150 లోపు, వైరు ఎంత వెడల్పు చేస్తే ఏం లాభం. మూడో సిస్టమ్ కూడా కలపాలనుకునేవాళ్లు ఈ నేరు వైరు జోలికి రాకుండా ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ కొనుక్కోండి, వెయ్యి రూపాయల ఖర్చు, దానికీ ఇవే కేబుల్స్.

ఇక షాపాయన సంగతి. ఆ నాలుగు తీగల వైరు పట్టుకుని మళ్లీ వెళ్లాను, గొడవకి కాదు, చూపిద్దామని. కనెక్టర్ చూపించి, గీకిన తీగ చూపించి, ఇందులో నాలుగే ఉన్నాయి, గిగాబిట్ రాదు అన్నాను. ఆయన అద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఇన్నేండ్లల్ల ఎవ్వరూ గిట్ల చీరి చూడలే అన్నా" అన్నాడు. తప్పు ఒప్పుకున్నట్టా, నన్ను మెచ్చుకున్నట్టా అర్థం కాలేదు. డబ్బులు వెనక్కివ్వలేదు గానీ ఆ రోజు కొట్టులో ఎనిమిది తీగల వైరు అయిపోయి అదే ఇచ్చానని చెప్పి, టీ తెప్పించి, ఒక కవర్లో పన్నెండు ఆర్‌జే45 కనెక్టర్లు వేసి చేతిలో పెట్టాడు, పనికొస్తాయి ఉంచు అని.

కవరు ఎడిటింగ్ టేబుల్ సొరుగులో ఉంది. వాటిని వైరుకి కొట్టే క్రింపింగ్ టూల్ మా దగ్గర లేదు.